ఆటలో ఉద్ది

చిన్నప్పుడు చెడుగుడో, బిళ్ళంగోడో ఆడబోయే ముందు ఉద్దులు చెప్పుకోవడం మనలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. బలంలోను, పరుగులోను సరిసమానులైన ఇద్దరు పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకొని అవతలికి పోతారు. గుసగుసగా ఒకడు సూర్యుడని, ఒకడు చంద్రుడని మారుపేర్లు పెట్టుకొని తిరిగి వస్తారు. వంతు వచ్చిన నాయకుడు ఒక పేరు కోరుకొంటాడు. ఆ పేరు గలవాడు ఈ పక్షం, రెండవవాడు ఆ పక్షం. అందరూ ఇట్లా పంచబడేసరికి రెండు జట్లూ త్రాసులో తూచినట్లు సమానంగా తేలుతవి. ఉద్ది అంటే సమానుడనీ, జత అనీ అర్థం.

ఈ ఏర్పాటులో ఒక చమత్కారం ఉన్నది. నా ఉద్ది ఎదుటి పక్షానికి పోతాడు. అయినా ఆట ముగిసి ఇంటికి వచ్చేటప్పుడు భుజం మీద ఉండేది వాడి చేయే. ఒక లోపం కూడా ఉన్నది. ఉద్ది చెప్పుకోవాలంటే ఎవడో ఒకడు మనతో రావాలి. ఎవరూ పిలవనివాడు గట్టు మీద కూర్చొని చూడవలసినదే.

ఈనాడు మన పిల్లలు ఆడే ఆటలు సెల్‌ఫోనులోకి చేరినవి. జట్లు కూర్చే పని యంత్రం తీసుకొన్నది. దానిని మ్యాచ్‌మేకింగ్ అంటారు. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి గుమాస్తాగిరీ చేసుకొనే నాకు ఈ సంగతులతో ఏమి పని అని మీరు అడగవచ్చును. మా యింట్లో జరిగిన ఒక చిన్న వ్యవహారం నాకు పని కల్పించినది. దానిని చెప్పి, దానివల్ల నేను తెలుసుకొన్నది నాలుగు మాటలు విన్నవించుకొంటాను.

లూడో దినములు

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకొన్న సంగతి ఎవరు మరువగలరు? ఆ దినాలలో లూడో కింగ్ అనే ఆట మన ఇండ్లలోకి వచ్చినది. ముంబయికి చెందిన గేమిషన్ సంస్థ 2016లో తెచ్చిన ఆట అది. కొత్తదేమీ కాదు, మన పచ్చీసు వంశానిదే. అందులో కూర్చోవడానికి రెండు దారులు. ఒకరు గది తెరిస్తే యంత్రం ఒక గుర్తు ఇస్తుంది. దానిని మనవాళ్ళకు పంపితే వాళ్ళు మాత్రమే ఆ గదిలోకి వస్తారు. లేదా ఒక మీట నొక్కితే యంత్రమే ఎక్కడెక్కడివారినో తెచ్చి ఎదుట కూర్చోబెడుతుంది.

ఆ దినాలలో మా యింట్లో రెండవ దారి ఎవరూ తొక్కలేదు. గుంతకల్లులో అక్కయ్య గది తెరిచేది. ఆదోని నుండి చిన్నాన్న కొడుకు, బళ్ళారిలో మేము, హైదరాబాదులో మేనల్లుడు. పందెం ఎవరికి పడిందో ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. అక్కయ్య వంతు వచ్చినప్పుడల్లా పొయ్యి మీది పప్పు చూసి వస్తానని లేచిపోవడం, ఆమె వచ్చేవరకు మేమంతా కాచుకొని ఉండడం మాత్రం గుర్తు ఉన్నది.

తలుపులు తెరుచుకొన్నవి. ఎవరి పనులకు వారు పోయినారు. గది మూతపడినది.

అయిదవవాడు

పిల్లలు మాత్రం ఆట మానలేదు, ఆట మార్చినారు. పబ్జీ మొబైల్ అనే తుపాకుల ఆటను మన ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించినది. కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ మన దేశం కోసమని 2021 జులైలో బీజీఎంఐ అనే పేరుతో అటువంటి ఆటనే తెచ్చినది. 2022 జులైలో అది కూడా తొలగించబడి, 2023 మేలో తిరిగి వచ్చినది. నూరుమంది ఒక దీవిలో దిగుతారు. నలుగురేసి ఒక జట్టు. చివరికి మిగిలిన జట్టుది గెలుపు.

మా అబ్బాయి, అక్కయ్య కొడుకులిద్దరు, చిన్నాన్న మనుమడు కలిసి నలుగురు. రాత్రి తొమ్మిది కొట్టగానే నాలుగు ఊళ్ళ నుండి నాలుగు గొంతులు మా యింటి వసారాలో వినిపించేవి. 2023 వేసవిలో ఒకనాడు మావాడి గొంతు వినిపించలేదు. అన్నం ముందు కూర్చొని కెలుకుతున్నాడు. ఏమిరా అంటే చెప్పడు. రెండు రోజులకు వాళ్ళ అమ్మతో చెప్పినాడు. వాడి ఫోను పాతది, ఆటలో నిలిచి నిలిచి పోతున్నది. వీడివల్ల ఓడిపోతున్నామని వీడి స్థానంలో అక్కయ్య పెద్దకొడుకు తన కాలేజీ స్నేహితుణ్ణి చేర్చుకొన్నాడు. జట్టుకు నలుగురే గదా. వీడు అయిదవవాడైనాడు.

నేను చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. మనసు పట్టలేక అక్కయ్యకు ఫోను చేసి, మీవాడు మావాణ్ణి ఎందుకు తీసేసినాడని అడిగినాను. అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆటలో గూడా సిఫార్సు చేయల్నా తమ్ముడా?” అన్నది. ఆమె మాటలో న్యాయం ఉన్నది. కాని ఆ తరువాత రెండు నెలలు మా యిద్దరి మధ్య రాకపోకలు పలచబడినవి. ఒక ఆటలో ఒక చోటు పోతే రెండు కుటుంబాల మధ్య ఇంత దూరం రాగలదని నేను ఊహించలేదు.

మావాడు తక్కిన దారి పట్టినాడు. ఫోనులో మీట నొక్కేవాడు. యంత్రం ముగ్గురిని తెచ్చి ఇచ్చేది.

యంత్రము ఎట్లా వెదకును?

ఆ ముగ్గురిని అది ఎట్లా ఏరుతుందని నాకు కుతూహలం కలిగినది. దీని మూలం చదరంగంలో ఉన్నది. హంగెరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో అనే ఆచార్యుడు ఆటగాడి శక్తిని ఒక అంకెగా చెప్పే పద్ధతి కనిపెట్టినాడు. 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ సమాఖ్య దానిని స్వీకరించినవి. మనకంటె పెద్ద అంకె గలవాణ్ణి ఓడిస్తే మన అంకె బాగా పెరుగుతుంది. చిన్నవాణ్ణి ఓడిస్తే కొంచెమే పెరుగుతుంది. ఇద్దరి మధ్య 200 తేడా ఉంటే పెద్దవాడికి నాలుగింట సుమారు మూడు పాళ్ళు ఫలితం దక్కవలెనని లెక్క. మన వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు పట్టికలో 2801కి చేరినాడని పత్రికలు మెచ్చుకొన్నది ఈ అంకెనే.

చదరంగం ఇద్దరి ఆట. జట్టుగా ఆడినప్పుడు గెలుపులో ఎవరి పాలు ఎంత? మైక్రోసాఫ్ట్ సంస్థ పరిశోధకులు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ట్రూస్కిల్ అనే లెక్క తయారుచేసి తమ ఆటల పెట్టెలో పెట్టినారు. జట్ల గెలుపోటములు చూసి ఒక్కొక్కరి శక్తిని అంచనా కట్టే లెక్క అది. ఇప్పటి ఆటలన్నీ ఇంచుమించు ఈ దోవనే నడుస్తవి. అంకె దగ్గరగా ఉన్నవారిని, ఫోను సంకేతం త్వరగా అందేవారిని యంత్రం వెదకుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ పట్టు సడలించి దూరపు అంకెవారిని కూడా ఒప్పుకొంటుంది. మనుషులు చాలకపోతే కొన్ని ఆటలలో యంత్రమే మనిషి వేషం వేసుకొని దిగుతుంది.

ఇది మన ఉద్దుల పద్ధతే గదా అనిపించినది. సమానులను వెదకడం, జట్లను తూకం వేయడం. లేనిదల్లా భుజం మీద చేయి.

ఒక రాత్రి మావాడి ప్రక్కన కూర్చొని చూసినాను. గంటన్నరలో ఆరు ఆటలు. ఆటకు ముగ్గురు చొప్పున పద్ధెనిమిదిమంది వచ్చి పోయినారు. “వాళ్ళ పేర్లేమిరా?” అన్నాను. “పేరెందుకు నాయనా? ఆట అయితానే ఎవరి దోవ వాళ్ళది” అన్నాడు. రైల్వే స్టేషన్‌లో అడిగినట్లు కూడా ఏ ఊరని ఒకరినొకరు అడగలేదు. వెక్కిరింపులు మాత్రం ధారాళంగా విన్నాను. మళ్ళీ కనిపించనివాడి ముందు సిగ్గు ఎందుకుంటుంది?

వేరు దేశపు వారి అనుభవము

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట తెచ్చినది. లక్షలాది జనం ఒకే కల్పిత లోకంలో తిరిగే ఆట. అందులోని గుహలలోకి పోవాలంటే అయిదుగురు కావాలి. ముందు నిలిచి దెబ్బలు కాచుకొనేవాడు ఒకడు, గాయాలు మాన్పేవాడు ఒకడు, కొట్టేవారు ముగ్గురు. మొదటి అయిదేండ్లు ఈ అయిదుగురిని ఆటగాడే కూర్చుకోవలసి వచ్చేది. పట్టణంలో నిలబడి, గాయాలు మాన్పేవాడు కావాలి అని కేక పెట్టాలి. అడగాలి, బతిమాలాలి, గుహ వరకు నడిచి పోవాలి. ఒక్కొక్కప్పుడు గంట గడిచినా జట్టు కుదరదు. కాని ఆ లోకంలోని ఒక్కొక్క భాగంలో ఉండేవారు పరిమితం. మంచిగా ఆడినవాణ్ణి మరునాడు పిలుస్తారు. సగంలో విడిచిపోయినవాడి పేరు నలుగురి నోళ్ళలో పడుతుంది.

2009 డిసెంబరులో మీట వచ్చినది. పేరు డంజన్ ఫైండర్. నొక్కి కాచుకొంటే యంత్రమే వేర్వేరు భాగాలనుండి అయిదుగురిని ఏరి గుహలో దింపుతుంది, పని ముగిశాక తిరిగి తెచ్చి విడుస్తుంది. గుహ చూడడానికి నోచుకోనివారు కూడా చూసినారు. పగలంతా పనిచేసి రాత్రి ఒక గంట మాత్రమే తీరిక గలవారికి అది వరమైనది. కాని వేర్వేరు భాగాలవారు కనుక ఒకసారి కలిసినవారు మళ్ళీ కలిసే వీలు పోయినది. మంచిపేరు వల్ల లాభం లేదు, చెడ్డపేరు వల్ల నష్టం లేదు. పలకరింపు కూడా తగ్గిపోయినదని పాత ఆటగాళ్ళు వాపోయినారు.

ఇంకొక విశేషం. దెబ్బలు కాచుకొనే పని కష్టం, మాట పడే పని. దానికి ముందుకు వచ్చేవారు తక్కువ. ఎంత గొప్ప యంత్రమైనా లేనివాణ్ణి ఎక్కడినుండి తెస్తుంది? 2011లో ఆ సంస్థ, కొరతగా ఉన్న పనికి ఒప్పుకొన్నవారికి అదనపు బహుమతి ఇవ్వసాగినది. స్నేహితుడి కోసం ఊరికే చేసే పనికి కూలి కట్టవలసి వచ్చినదన్నమాట.

తరువాత 2019 ఆగస్టులో, కోరినవారికోసం, మీట లేని పాత ఆటనే వారు తిరిగి తెచ్చినారు. కేకలు పెట్టి జట్టు కూర్చుకోవడానికి జనం మళ్ళీ వచ్చినారు. 2022లో తరువాతి భాగం తెచ్చినప్పుడు కూడా మీట పెట్టమన్నారు. కాచుకోలేమన్నవారి మొర విని 2023లో పెట్టినారు. మనిషికి రెండూ కావాలని దీనివల్ల నాకు తెలిసినది. తలుపు సులభంగా తెరుచుకోవాలి. లోపల తెలిసిన ముఖం ఉండాలి.

మేనమామ లేనివాడు

పాతదంతా బంగారమని నేను అనబోవడం లేదు. మన బళ్ళారి సంగతే చూడండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపిన ఊరు ఇది. ఇద్దరూ వకీళ్ళే. కోర్టులో పరిచయం, వీధిలో చుట్టరికం, రాత్రి నాటకం. జట్టు అంటే అట్లా అల్లుకొన్నది. బళ్ళారి రాఘవగారి ప్రతిభ లోకమెరిగినది. కాని ధర్మవరంవారు ఆయనకు స్వయానా మేనమామ అన్న సంగతి కూడా మరువరాదు. నాటకం ఆయన యింట్లోనే ఉన్నది. ఇదే ఊరిలో అంత ప్రతిభ ఉండి, మేనమామ లేనివాడు ఎవడైనా తలుపు బయటనే నిలబడిపోయినాడేమో ఎవరు చెప్పగలరు? స్త్రీల వేషాలు స్త్రీలే వేయాలని రాఘవగారు పట్టుబట్టినారంటే, ఆ తలుపు ఎందరికి మూసి ఉండేదో తెలుస్తున్నది.

పరిచయంతో ఏర్పడే జట్టు పరిచయం లేనివాణ్ణి గట్టు మీద కూర్చోబెడుతుంది. మావాణ్ణి కూర్చోబెట్టినది స్వంత మేనత్త కొడుకులే. చేయి పట్టుకొని లోపలికి తెచ్చినది యంత్రమే. ఈ మాట నేను దాచలేను.

ఆలూరు అబ్బాయి

2023 చలికాలంలో ఒక రాత్రి మావాడు యంత్రం ఇచ్చిన ముగ్గురితో ఆడుతుండగా మా వీధిలో కరెంటు పోయినది. “అయ్యో, కరెంటు పాయనే!” అని వాడు అరుస్తుండగానే సంబంధం తెగినది. ఆ ఆటలో క్షేమంగా ఉండే వలయం క్షణక్షణం చిన్నదవుతుంది. వెలుపల చిక్కినవాడి ప్రాణం తగ్గుతూ పోతుంది. కనుక బొమ్మలాగా నిలిచిపోయినవాడి కోసం ఎవరూ ఆగరు. నాలుగు నిమిషాలకు నా ఫోనుతో సంబంధం కలుపుకొని తిరిగి పోయేసరికి ఇద్దరు వెళ్ళిపోయినారు. మూడవవాడు మావాడి ప్రక్కనే తుపాకీ పట్టుకొని నిలిచి ఉన్నాడు. “వచ్చినావా? తెలుగోడివే గదా, వస్తావని ఈడనే కాసుకోనుండా” అన్నాడు.

ఆ ఆటలో ఇద్దరూ ఓడిపోయినారు. మరునాడు యంత్రంతో పని లేకుండా ఒకరినొకరు పిలుచుకొని ఆడినారు. మాటలలో ఆ అబ్బాయిది ఆలూరు ప్రాంతమని తెలిసినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి. తక్కినవి మైసూరులో చేరినవి. మన కుటుంబాలలో చుట్టాలు ఆ గీతకు అటు కొందరు, ఇటు కొందరు చిక్కినారు. ఏ గీతా తెలియని యంత్రం ఒకనాటి ఒకే జిల్లా పిల్లలను ప్రక్కప్రక్కన నిలబెట్టినది. అది యాదృచ్ఛికం. కాచుకొని నిలబడడం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఆ అబ్బాయి చేసిన పని అది.

2024 ఫిబ్రవరిలో ఆ అబ్బాయి రావడం మానినాడు. ఒక రోజు, మూడు రోజులు, పది రోజులు. మావాడు తొమ్మిది గంటలకు ఆట తెరిచి, ఆ పేరు ప్రక్కన దీపం వెలగలేదని చూసి మూసేవాడు. ఫోను చేయరాదా అన్నాను. నంబరు లేదు. ఇంటి పేరు తెలియదు. వాడి అసలు పేరు కూడా తెలియదు, ఆటలో పెట్టుకొన్న పేరు తప్ప. మూడు నెలలు రోజూ మాట్లాడుకొన్నవాడికి ఏమైనా అయితే తెలుసుకొనే దారి లేదు. మావాడి ముఖంలో ఆ దినాలలో చూసిన దిగులు, మేనత్త కొడుకులు తీసేసినప్పటికంటె ఎక్కువ.

ఉగాది దగ్గర పడినప్పుడు ఒక రాత్రి దీపం వెలిగినది. ఆ ప్రాంతంలో వానలు చాలని ఏటికి ఊళ్ళకు ఊళ్ళే గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారని మనకు తెలుసు. వాళ్ళ అమ్మానాన్నలతో వాడూ పోయినాడట. ఇంటికంతటికీ ఒక్కటే ఫోను. “నాయనా, వాడు రోజంతా మిరపచేనులో ఉండి వచ్చి నన్నే అడిగినాడు, నువ్వు బాగుండావా అని” అన్నాడు మావాడు. ముందు నంబరు రాసుకో అన్నాను. అప్పుడే రాసుకొన్నాడు. అసలు పేరు కూడా అడిగినాడు.

ముక్కు మొగము తెలియనివారితో పిల్లల స్నేహం ప్రమాదం కాదా అని తల్లులు అడుగుతారు. ప్రమాదమే. కనుకనే నేను ఆ అబ్బాయి తండ్రితో ఒకసారి ఫోనులో మాట్లాడినాను. రెండు నిమిషాలలో ఆయన మా అక్కయ్య అత్తవారి ఊరు పేరు చెప్పినాడు. ఆ సాకుతో నేను అక్కయ్యకు ఫోను చేసినాను. సిఫార్సు మాట ఇద్దరమూ ఎత్తలేదు.

ఒక మనవి

యంత్రం చోటు ఇవ్వగలదు. సమానుణ్ణి వెదకగలదు. మొదటి పరిచయం వరకు దానిని తప్పు పట్టనక్కరలేదు. గట్టు మీద కూర్చున్నవాణ్ణి అది లేపుతుంది. కాని రెండవనాడు పిలవడం, ఆలస్యమైతే ఆగడం, రాకపోతే వెదకడం మనుషులు చేయవలసిన పనులు. మీట నొక్కితే కొత్తవాడు దొరుకుతున్నంతకాలం ఈ మూడు పనులు మనము మరిచిపోతాము. నష్టం ఉన్నది అక్కడ.

మన సంఘంలో ఉగాది ఆటల పోటీలకు ఏటా అవే కుటుంబాలు అవే జట్లు కడుతున్నవి. కొత్తగా వచ్చినవారు కుర్చీలలో కూర్చొని చప్పట్లు కొట్టి పోతున్నారు. మనము కూడా మేనమామలు ఉన్నవారికే తలుపు తీస్తున్నామని నాకు తోస్తున్నది. కనుక కార్యవర్గంవారికి ఒక మనవి. వచ్చే ఉగాదికి క్యారమ్సుకు, షటిల్‌కు జోడీలను చీట్లు తీసి నిర్ణయించండి. అది యంత్రం చేసే పని. కాని ఒకసారి పడిన జోడీని ఆ సంవత్సరమంతా మార్చకండి. నెలనెలా ఆదివారం ఆటలకు ఆ యిద్దరూ కలిసే రావాలి. ఒకరు రాకపోతే రెండవవారు పోయి ఎందుకు రాలేదో కనుక్కొని రావాలి.

మొదటి చీటీ నా పేరుతో వేయండి. ఎవరు పడినా నాకు సమ్మతమే.